కుచ్చెళ్ళ టమాటా

డాక్టర్ ఫర్హానా మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెకు వచ్చింది టమాటాల కోసం కాదు, ఇందుజను చూడడానికి.

ఇందుజకు అప్పుడు పదేళ్ళు. హిమబిందుకూ చలపతికీ ఒక్కతే బిడ్డ. ఇద్దరూ పట్టుచీరలు నేసేవాళ్ళు. మగ్గం శబ్దం మధ్యే పుట్టి పెరిగిన పిల్ల, ఆ ఏడాది బళ్ళో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రాయడం మొదలుపెట్టింది. తర్వాత గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికేవి. ఆ తర్వాత మాట నాలుక చివర ఆగిపోసాగింది. ఎన్ని ఆసుపత్రులు తిరిగాక తేలిందో గానీ, చివరికి తిరుపతిలో ఒక డాక్టరు అర్థమయ్యేలా చెప్పాడు. మనం తినే ప్రతిదాంట్లోనూ రవ్వంత రాగి ఉంటుంది. అందరి ఒళ్ళూ కావలసినంత ఉంచుకుని మిగిలింది బయటికి పంపేస్తుంది. ఇందుజ ఒంటికి ఆ పని చేతకాదు. చేరిన రాగి చేరినట్టే కాలేయంలో, మెదడులో పేరుకుపోతోంది. దీనికి మాత్రలు ఉన్నాయి, చాలామందికి పనిచేస్తాయి కూడా. ఈ పిల్లకు మాత్రం పడలేదు. ఒళ్ళంతా వాచిపోయి మూత్రపిండాల దాకా వచ్చేసరికి ఆపేశారు.

ఆ డాక్టరే ఫర్హానా పేరు చెప్పాడు. తిరుపతి దగ్గర ఒక ప్రయోగశాలలో ఆమె పదేళ్ళుగా ఒకే పని మీద ఉంది. రాగిని పట్టేసుకునే ఒక గుణాన్ని మొక్కలో పెట్టి, ఆ మొక్క పండునే మందుగా తినిపించాలని. తిన్న పండు కడుపులోనే రాగిని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, ఒంట్లోకి చేరనివ్వదు. టమాటాలో ఆ గుణం నిలుస్తోంది, కానీ చాలినంత నిలవడం లేదు. మార్కెట్లో దొరికే హైబ్రిడ్ రకాలన్నీ ప్రయత్నించి ఓడిపోయింది.

ఇవన్నీ ఆమె దాచకుండా చెప్పింది. ఆశ పెట్టడానికి రాలేదనీ, పిల్లను చూసి రక్తం తీసుకుపోవడానికే వచ్చాననీ అన్నది. హిమ తల ఊపి, భోజనం చేసి వెళ్ళమని కంచం పెట్టింది. రాగి సంగటి, రోట్లో నూరిన టమాటా ఊరుబిండి. ఫర్హానా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. కారం ఎక్కువైందేమోనని హిమ నీళ్ళు అందించబోయింది.

"ఈ టమాటా ఎక్కడిది?" అని అడిగింది ఫర్హానా.

"పక్కింటి చౌడమ్మత్త పెరట్లోది మేడం. కొన్నది కాదు."

చిన్నప్పుడు కడపలో తను నానీ అని పిలిచే అమ్మమ్మ ఇంట్లో తిన్న పులుపు అది. ముప్ఫై ఏళ్ళకు మళ్ళీ తగిలింది. ఫర్హానా గబగబా చెయ్యి కడుక్కుని లేచింది.

చౌడమ్మకు అరవైకి దగ్గర. మొగుడు పోయి చాలా కాలమైంది, కూతురు ధర్మవరంలో కాపురం చేస్తోంది. ఒక్కతే ఉండి గుంత మగ్గం మీద చీరలు నేసుకుంటుంది. ఇంటి వెనక ఉన్న కాస్త చోటులో ఒక కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ, మిగతాదంతా టమాటా మొక్కలు. కాయలు బల్లపరుపుగా, చుట్టూ మడతలు మడతలుగా ఉంటాయి. చీర కుచ్చెళ్ళలా ఉంటాయని ఆ వీధి ఆడవాళ్ళు వాటిని కుచ్చెళ్ళ టమాటా అంటారు. విత్తనం చౌడమ్మ అత్తగారి దగ్గరినుంచి వచ్చింది. ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఏటా మొక్కల్లో తనకు నచ్చినదాన్ని ఎంచుకుని, దాని పండు గిన్నెలోకి పిండి, ఆ రసంలోనే పులియనిచ్చి, కడిగి, పాత గుడ్డ మీద ఆరబెట్టి మూట కడుతుంది. పొద్దున్నే రెండు కాయలు తెంపి, ఉల్లిపాయా ఉప్పూ కలిపి పచ్చివే అంబలిలోకి నంజుకోవడం ఆమెకు కాపురానికి వచ్చిన నాటినుంచీ అలవాటు.

ఫర్హానా ఒక కాయను అడ్డంగా కోసింది. లోపల గదులు గదులుగా ఉంది, గది నిండా జిగురు. హిమ కూడా వంగి చూసింది. మార్కెట్ కాయ లారీలో నలగకూడదు కాబట్టి దాన్ని కండ ఎక్కువ, జిగురు తక్కువ ఉండేలా పెంచుతారనీ, తను పెట్టే గుణం నిలిచేది గింజ చుట్టూ ఉన్న జిగురులోనేననీ ఆమె చెప్పింది. పైగా హైబ్రిడ్ గింజ మళ్ళీ నాటితే అదే కాయ కాయదు. ఇందుజ లాంటి పిల్లకు బతికినన్నాళ్ళూ మందు కావాలి. ఇంట్లోనే విత్తనం కట్టుకోగలిగిన నాటు రకమే కావాలి.

చౌడమ్మ అంతా విని లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చింది. సగం విప్పి ఇచ్చింది. ఎంత కావాలో అడగలేదు, ఎందుకో కూడా మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత చాలా కాలం కబురు లేదు. ఇందుజ బడి మానేసింది. తల్లి అన్నం కలిపి పెడుతుంటే తినేది. చలపతి మగ్గం మీద కూర్చునేవాడు గానీ, చీర మీద ధ్యాస ఉండేది కాదు. ఒకనాడు ఫర్హానా ఫోన్ చేసి ముగ్గురినీ తిరుపతి రమ్మన్నది. చౌడమ్మను కూడా తీసుకురమ్మన్నది.

ప్రయోగశాలలో అద్దాల గది, ఊదారంగు దీపాలు, వాటి కింద కుండీల్లో కుచ్చెళ్ళ టమాటాలు. తన మొక్కలు అలా వరసగా, మట్టి అంటకుండా నిలబడి ఉండడం చూసి చౌడమ్మకు నవ్వొచ్చింది. ఫర్హానా ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, రైతులు మందు కొట్టడానికి వాడే మైలుతుత్తం చిటికెడు కలిపింది. నీళ్ళు నీలంగా మారాయి. మైలుతుత్తంలో ఉండేది రాగే. ఒక మొక్క దగ్గరికి పోయి, అడుగున ఎరుపు తిరుగుతున్న దోరకాయ తెంపి, దాని జిగురు గ్లాసులోకి పిండింది.

అందరూ చూస్తుండగా ఆ నీలం కదిలింది. సాలెగూటి దారాల్లా సాగి, గింజల చుట్టూ ముద్దకట్టి అడుక్కు దిగింది. పైన నీళ్ళు తేటగా మిగిలాయి. చలపతి గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఫర్హానా కష్టమైన సంగతి చెప్పింది. ఈ గుణం కోసిన కాసేపటికే చచ్చిపోతుంది. వండినా, ఫ్రిజ్‌లో పెట్టినా పనిచేయదు. అందుకని ఈ మందు దుకాణంలో దొరికేది కాదు, పిల్ల ఉన్న ఇంట్లోనే పెరగాలి, అక్కడే కోసి అక్కడే తినాలి. కానీ జబ్బు లేనివాళ్ళు దీన్ని రోజూ పచ్చిగా తింటే వాళ్ళకు కావలసిన రాగి కూడా పోతుంది. రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి. కంటికి చూస్తే పాత కాయకూ దీనికీ రవ్వంత తేడా లేదు. కాబట్టి ఆ దరిదాపుల్లో ఈ రకం టమాటా మరొకటి ఉండకూడదు.

హిమ నేలచూపులు చూసింది. చౌడమ్మ వైపు చూసే ధైర్యం లేకపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున పెరటి గోడ అవతల చప్పుడైతే హిమ తొంగి చూసింది. చౌడమ్మ చీర చెంగు బొడ్లో దోపుకుని మొక్కలు పీకుతోంది. పూతతో, పిందెలతో, ఊతకర్రలతో సహా. పచ్చికాయలన్నీ ఒక గంపలో వేసింది. సాయంత్రానికల్లా పచ్చికాయల పచ్చడి చేసి వీధంతా పంచింది. హిమకు కూడా ఒక గిన్నె వచ్చింది. ఆ గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలో హిమకు తోచలేదు. థాంక్స్ అనడం మరీ బస్సులో చోటిచ్చినవాళ్ళకు చెప్పినట్టుంటుంది. ఇంకేదైనా అంటే ఏడుపొస్తుంది. చివరికి గిన్నెలో చక్కెర పోసి ఇచ్చి వచ్చేసింది. విత్తనాల మూటలో మిగిలిన సగాన్ని ఫర్హానా తీసుకుపోయి ప్రయోగశాల చలిగదిలో భద్రం చేసింది.

మిద్దె మీద చలపతి సన్నటి వలతో చిన్న గది కట్టాడు. తేనెటీగ కూడా దూరకుండా. కుండీల్లో చెరువుమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, ప్రయోగశాల నుంచి తెచ్చిన మొక్కలు నాటారు. హిమ మగ్గం పని నుంచి లేచినప్పుడల్లా మిద్దెక్కేది. పక్క కొమ్మలు గిల్లడం, ఆకు ముడుచుకుందేమో చూడడం, పూత దులపడానికి కాడను వేలితో మీటడం అన్నీ నేర్చుకుంది. తెలియనిది గోడమీదుగా చౌడమ్మను అడిగేది. చౌడమ్మ కిందినుంచే చెప్పేది. నీళ్ళు ఎక్కువ పోయొద్దని, కాస్త దప్పిక పెడితేనే కాయకు పులుపు పడుతుందని.

మొదటి కాయ దోరకు వచ్చిన పొద్దున ఇందుజను ఎత్తుకుని మిద్దెక్కించారు. హిమ కాయ తెంపి, అక్కడే కడిగి, కోసి నోట్లో పెట్టింది. పిల్ల నమిలి, మొహం ముడిచి, "పుల్లగుంది" అన్నది. ఆ మాటను సాగదీసి సాగదీసి చెప్పినా మొత్తం చెప్పింది.

రోజూ అంతే. కోయడం, తినిపించడం. మిగిలిన తొక్కా గింజా ఒక్కటి కూడా వదలకుండా, ఎక్కడా మొలకెత్తకుండా హిమ మరిగే నీళ్ళలో వేసి ఉడికించేది, ఫర్హానా చెప్పినట్టే. రెండు నెలలకొకసారి రక్తం తీసి పంపేవాళ్ళు. ముందు మార్పేమీ కనబడలేదు. తర్వాత ఒక సాయంత్రం చలపతి మగ్గం దగ్గర తెగిన పడుగు పోగు ఒకటి వెతుక్కుంటుంటే ఇందుజ వచ్చి పక్కన కూర్చుంది. తల వెంట్రుక కన్నా సన్నటి పోగు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తండ్రికి అందించింది. చలపతి ఆ పోగు అందుకుని ముడి వెయ్యడం మరచిపోయి అలా కూర్చుండిపోయాడు. హిమ ఆ పూట దేవుడికి దీపం పెట్టి, తర్వాత గోడ దగ్గరికి పోయి చౌడమ్మకు సంగతి చెప్పింది. ఆమె వక్క నములుతూ, "పాపకు నేత పని నేర్పొద్దు మే, చదివించు" అని మాత్రం అన్నది.

ఇందుజ మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాదే చౌడమ్మ చీరల్లో తప్పులు రాసాగాయి.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. గుంత మగ్గంలో చేతులు పేక పోగు మోసే నాడె విసురుతుంటే కాళ్ళు గుంతలో పలకలు తొక్కాలి. ఏ పలక ఎప్పుడు తొక్కాలో కాలికే తెలియాలి, కన్ను చూడదు. చౌడమ్మ కాలు ఒక పలకకు బదులు ఇంకో పలక తొక్కేస్తోంది. అరికాళ్ళు మంట అనేది, కొన్నాళ్ళకు మంట కూడా తెలియడం లేదన్నది. మొహం పాలిపోయింది. వయసని కొందరు, షుగరని కొందరు అన్నారు. ఒకనాడు మగ్గం గుంతలోంచి లేవబోయి పడిపోయింది. చలపతి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. షుగరు లేదు. రక్తం మాత్రం సగానికి పడిపోయింది, ఎందుకో తెలియడం లేదన్నారు.

ఆ మాట వింటూనే హిమకు ప్రయోగశాలలో విన్న హెచ్చరిక గుర్తొచ్చింది. ఫర్హానాకు ఫోన్ చేసింది. ఆమె ఆ మధ్యాహ్నానికే వచ్చి రక్తం తీసుకుంది. ఒంట్లో రాగి దాదాపు లేదని తేలింది.

ఆమెకు మందుకాయ ఎక్కడిదని వెతికితే చౌడమ్మ స్నానాల గది వెనక, తడికె చాటున దొరికింది. ఏపుగా పెరిగి గోడను పట్టుకుని పాకిన ఒక కుచ్చెళ్ళ టమాటా మొక్క. దాని పక్కనుంచే హిమ ఇంట్లో అంట్లు తోమే జాలాడి నీళ్ళు పోయే కాలువ. ఫర్హానా ఆ కాలువను, మొక్కను, మళ్ళీ హిమను చూసింది. ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. తొక్కలు ఉడికించారు, కంచం కడిగిన నీళ్ళు మరిగించారు. కానీ తిన్నాక ఇందుజ మూతీ చేతులూ కడుక్కునేది జాలాడి దగ్గరే. గడ్డానికి అంటుకున్న గింజ ఒకటి ఆ నీళ్ళతో కొట్టుకుపోయి అక్కడ మొలిచింది. ప్రయోగశాలలో అంతమంది కూర్చుని రాసుకున్న జాగ్రత్తల్లో పిల్ల మూతి కడుక్కోవడం లేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో హిమ చౌడమ్మ మంచం పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ మొక్క తమ ఇంటి నీళ్ళతో వచ్చిందని, తప్పు తమదేనని. ఫర్హానా పక్కనే ఉంది. మందులతో రక్తం పడుతుందనీ, కాళ్ళ సంగతి మాత్రం చెప్పలేననీ, కొంత రావచ్చు రాకపోవచ్చుననీ అన్నది.

చౌడమ్మ దుప్పటి కింద తన పాదాల వైపు చూసింది.

"నా గింజే ఎప్పుడో రాలి మొలిచిందనుకుంటి," అన్నది చివరికి. "మీకు చెప్తే పీకేస్తారని తడికె అడ్డం పెడితి. దినామూ పొద్దున రెండు తింటా ఉంటి. నా కాయ నన్ను వెతుక్కుంటా వచ్చెనే అనుకుంటి."

తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. హిమ పాదాలు పట్టుకోబోతే కాలు లాక్కోలేదు. లాక్కోవడానికి ఆ స్పర్శ తెలియాలి కదా. "రేపు రా మే. ఇప్పుడు పో," అన్నది అటు తిరిగే.

ప్రయోగశాల నుంచి ఇద్దరు పెద్దవాళ్ళు మర్నాడు ఆసుపత్రికి వచ్చారు. జరిగింది చిన్నది కాదనీ, ఇళ్ళల్లో మొక్కలు పెంచే ప్రయోగం ఆపేయాలని అనుకుంటున్నామనీ హిమకు ముందే చెప్పారు. ఇందుజను ప్రయోగశాలకే తెచ్చి ఉంచమన్నారు. ఎన్నాళ్ళని చలపతి అడిగాడు. బతికినన్నాళ్ళూ పిల్లను అద్దాల గది పక్కన ఉంచలేరని ఆ వచ్చినవాళ్ళకూ తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఒక మనిషి కాళ్ళు పోయాయన్న సంగతి వాళ్ళ మొహాల్లో బరువుగానే కనిపిస్తోంది.

అందరూ కలిసి చౌడమ్మ గదిలోకి వెళ్ళారు. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్దాయన క్షమాపణ చెప్పాడు, ఆమెకు కావలసిన వైద్యమంతా తామే చూసుకుంటామన్నాడు. ఇలాంటిది మళ్ళీ జరగకుండా ఆ మొక్కలన్నీ తీసేయిస్తామన్నాడు.

చౌడమ్మ అప్పుడు హిమను చూసింది. "కోపం రాలేదని అబద్ధం చెప్పను మే. నిన్నంతా వచ్చినాది. నా కాళ్ళు నాకు అన్నం పెట్టినాయి. వాటి కోసరం ఏడ్చినా." ఆ పెద్దాయన వైపు తిరిగింది. "ఆ పాప మా ఇంటి ముందరే నడక నేర్చింది సార్. అది అక్షరం కూడా రాయలేక ఏడుస్తా ఉంటే చూసినా, మళ్ళా ముగ్గెయ్యడం కూడా చూసినా. నా కాళ్ళ పేరు చెప్పి దాని చేతులు ఆపొద్దండి."

హిమ తలుపు పట్టుకుని నిలబడింది.

"నాకొకటి కావల్ల," అన్నది చౌడమ్మ మళ్ళీ. "మా అత్త ఇచ్చిన కాయ నాకు మళ్ళా కావల్ల. రెండేండ్లు నోరు కట్టుకున్నా. అందుకే ఆ మొక్క కనపడితే ఆశపడితి."

ఫర్హానా అప్పటిదాకా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆ కాయ మళ్ళీ తెచ్చిపెట్టే పని తనదేనన్నది. మొదటినుంచీ మందుకాయకు ఒక రంగు గుర్తు పెట్టి ఉండాల్సిందనీ, కాయ అందం చెడగొట్టడం ఇష్టంలేక అలాగే ఉంచాననీ, అది తన పొరపాటనీ పెద్దవాళ్ళ ముందే ఒప్పుకుంది. వంకాయలో ఉండే నలుపు రంగు కాయలోకీ కాడలోకీ తెస్తే మొలక దశలోనే ఏది మందుమొక్కో తెలిసిపోతుంది, పాత కాయ పక్కనే పెరిగినా భయం ఉండదు. ఇంకొక ఏడాది పడుతుంది. అప్పటిదాకా మొక్కలు ఆ ఒక్క మిద్దె మీదే, ఇంటి నీళ్ళన్నీ వడపోసి వదిలేలా ఏర్పాటు చేస్తే చాలునన్నది. పెద్దవాళ్ళు బయటికి పోయి మాట్లాడుకుని, ఎవరెవరికో ఫోన్లు చేసి, మధ్యాహ్నానికి సరేనన్నారు. హాని జరిగిన మనిషే ఆపొద్దంటుంటే ఆపడానికి వాళ్ళకూ మనసు ఒప్పలేదు.

ఆ ఏడాది వీధి అంతా ఒకే ఇల్లయిందని హిమ తర్వాత తరచూ అనుకునేది. మదనపల్లె అంటేనే టమాటా. ఆ ఊళ్ళో మిద్దె మీదో పెరట్లోనో టమాటా మొక్క లేని ఇల్లుండదు. అలాంటిది ఆ వీధివాళ్ళంతా ఎవరూ చెప్పకుండానే తమ తమ మొక్కలు తీసేశారు. కాలువ పక్కన ఎక్కడ టమాటా మొలక కనిపించినా పీకి ఫర్హానా వచ్చినప్పుడు చూపించేవాళ్ళు. చలపతి జాలాడికి సన్నటి జల్లెడ బిగించాడు. చౌడమ్మ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మగ్గం మీద సగంలో ఆగిపోయిన చీర అలాగే ఉంది. తన ఇంటి పని ముగించుకుని హిమ పోయి ఆ గుంతలో కూర్చునేది. చౌడమ్మ పక్కన పీట వేసుకుని పట్టు పోగును కండెలకు చుట్టి అందించేది, హిమ నేత గట్టిగా ఉందనో వదులుగా ఉందనో వంకలు పెట్టేది. ఆ చీర పూర్తయ్యాక ఇంకొకటి ఎక్కించారు. రక్తం పట్టింది, మొహంలో కళ వచ్చింది. కర్ర పట్టుకుని నడవసాగింది. పాదాలు మాత్రం దూది మీద పెట్టినట్టుందనేది.

ఇందుజ బడి నుంచి వస్తూనే నేరుగా చౌడమ్మ ఇంటికి పోయేది. ఏం జరిగిందో దానికి తెలుసు, దాచలేదు. ఒకరోజు తల్లిని అడిగింది, అవ్వకు తనేం ఇవ్వాలని. హిమ అవ్వ దగ్గర కూర్చోమన్నది. ఇందుజ రోజూ కూర్చుని పాఠాలు బిగ్గరగా చదివేది. చౌడమ్మకు చదువు రాదు గానీ, తప్పు చదివితే ఎలాగో పసిగట్టి మళ్ళీ చదవమనేది.

ఆ పై ఏటికి నల్లకాడల మొక్కలు వచ్చాయి. హిమ మిద్దె మీద కాయలు వంకాయల్లా నిగనిగలాడుతూ, కుచ్చెళ్ళు మాత్రం అలాగే పెట్టుకుని కాశాయి. దూరంనుంచి చూసినా ఇది వేరు అని తెలిసిపోతుంది. నీలం నీళ్ళ పరీక్ష ఈసారి ఫర్హానా ఇందుజతోనే చేయించింది. ఇంకో నాలుగు ఊళ్ళలో నలుగురు పిల్లల ఇళ్ళకు అవే మొక్కలు పోయాయి. అదే రోజు ఆమె చలిగది నుంచి తెచ్చిన పాత గుడ్డమూటను చౌడమ్మ చేతిలో పెట్టింది. చౌడమ్మ మూట విప్పి, ఒక గింజను నాలుక మీద వేసుకుని, ఏం తెలిసిందో గానీ తల ఊపింది.

అన్నీ మొలవలేదు. మొలిచినవాటిని పెరట్లో పాత చోటులోనే నాటారు. చౌడమ్మ వంగి పని చేయలేకపోయేది కాబట్టి స్టూలు మీదినుంచి చెప్పేది, హిమ చేసేది. పాదు తవ్వడం, ఊతకర్ర పాతడం, పాత చీర పీలికతో కాడ కట్టడం. పూత వచ్చింది, పిందె పట్టింది. కాయలు ఎర్రబడిన పొద్దున చలపతి, ఇందుజ కూడా వచ్చారు. ఏ కాయ కొయ్యాలో, ఏది విత్తనానికి వదిలెయ్యాలో చౌడమ్మ కర్రతో చూపించింది. గంప నిండింది. మొదటి కాయ ఆమె కోసి, ఉప్పు అద్ది, తను తినకుండా హిమకు ఇచ్చింది.

పాత మొక్కలు పీకేసినప్పటినుంచీ హిమ కూడా ఆ రుచి ఎరగదు. కొరకగానే పులుపు చెవుల దాకా పోయింది, వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాలనుకుని ఎన్నేళ్ళుగానో చెప్పలేకపోయిన మాట ఇప్పుడైనా చెప్పాలనుకుంది. నోటినిండా టమాటా. చౌడమ్మ ఆమె మొహం చూసి, "తిను మే, తిను. నీ కోసరమే అట్టిపెట్టినా," అన్నది. హిమ మాట మింగి, కాయ పూర్తిగా తిని, చేతులు తుడుచుకుని నీళ్ళ బిందె దగ్గరికి పోయింది. కాయ కోశాక మొక్కకు నీళ్ళు పెట్టాలి.

పాదుల్లో పోసిన నీళ్ళు పొంగి సన్నటి ధారగా స్టూలు కిందికి పారాయి. చౌడమ్మ ఎవరితోనో ఏదో చెబుతున్నదల్లా ఆగిపోయింది.

"హిమా, ఇంకో చెంబు పొయ్," అన్నది.

"చాల్లే అత్తా, మొక్కకు ఎక్కువైపోతాది."

"మొక్కకు కాదు." చౌడమ్మ ఎడమకాలు నెమ్మదిగా ముందుకు చాపింది. "ఈ కాలి మీద పొయ్. చల్లగా తెలస్తా ఉండాది."

హిమ చెంబు ముంచుకుని వచ్చి ఆమె ముందర మోకాళ్ళ మీద కూర్చుంది. నెమ్మదిగా, బొటనవేలి దగ్గరినుంచి మొదలుపెట్టి నీళ్ళు పోసింది.